అక్క నీళ్ళు పోయొద్దన్న మొక్క

ఈ రోజు పొద్దున పళ్ళు తోముకుంటూ తల ఎత్తి చూస్తే, బాత్రూం కిటికీకి వేలాడుతున్న ఎండుపుల్లకు పువ్వు పూసి ఉంది. ఎండుపుల్ల అన్నది నా మాట కాదు, ఇంటికొచ్చే చుట్టాల మాట. హనుమకొండలో మా ఫ్లాటుకు వచ్చి చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళిన ప్రతివాళ్ళూ బయటికి వచ్చి, "టీచరమ్మా, గీజరు పక్కన గా కట్టెపుల్ల ఎందుకు కట్టిన్రు, దిష్టికా?" అని అడుగుతారు. అవుననేయమంటారు మా ఆయన, వివరించే పని తప్పుతుందని. ఆర్కిడ్ అని చెబితే ఎవరూ నమ్మరు. మన దిక్కు ఆర్కిడ్ అంటే పెళ్ళి స్టేజీకి గుచ్చి, తెల్లారి చెత్తబండిలో వేసే ఊదాపువ్వు మాత్రమే. ఇది వేరే రకం. దీనికి మట్టి అక్కరలేదు. ఒక కొయ్యను పట్టుకొని, గాలిలో చెమ్మ తాగి ఇంట్లోనే బతుకుతుంది. మా ఫ్లాటులో చెమ్మ ఉన్న గది బాత్రూం ఒక్కటే గనుక అక్కడ ఉంది. ఒక్క ఆకు కూడా లేని ఆ కాడ మీద రెండు పువ్వులు విచ్చుకున్నాయి, మూడోది విచ్చుకోబోతోంది. లేత ఊదా రేకులు, మధ్యలో మీగడ రంగు పెదవి. నోట్లో పేస్టు నురగ అలాగే ఉండగా స్టూలు మీద కూలబడ్డాను. ఈ పువ్వు ఆరేళ్ళ కిందట పూయాల్సింది. చూడాల్సింది నేను కాదు, మా అక్క.

అక్క నాకన్నా తొమ్మిదేళ్ళు పెద్దది. కాశిబుగ్గలో ఉండేది. బావ జంపఖానాలు నేసేవాడు. వాళ్ళింట్లో ముందు గదంతా మగ్గానిదే. నేలలో గుంట తవ్వి, గట్టు మీద కూర్చొని, కాళ్ళు ఆ గుంటలోకి దించి నేస్తారు. గాలి పొడిబారితే నూలు పుటుక్కున తెగుతుందని ఆ మట్టినేలను రోజుకు రెండుసార్లు తడిపేవారు. ఎండాకాలం వరంగల్ అంతా పెనం మీద ఉన్నట్టుంటే ఆ గదిలో మాత్రం కుండ పక్కన కూర్చున్నంత చల్లగా ఉండేది. సెలవుల్లో నేను పోయేది అక్క కోసమో ఆ చల్లదనం కోసమో ఇప్పటికీ తేల్చి చెప్పలేను. అక్క ఒక మూల రాట్నం ముందు కూర్చొని కండెలు చుట్టేది. ఆమె చేతులు ఊరికే ఉండగా నేను చూడలేదు. మాట్లాడుతున్నా, తిడుతున్నా, నవ్వుతున్నా చేతిలో దారం నడుస్తూనే ఉండేది. కొన్నాళ్ళకు నేత పని రావడం మానేసింది. బావ ఎనుమాముల మార్కెట్‌లో కాంటా దగ్గర పనికి కుదిరి, రోజూ సాయంత్రం మిర్చి ఘాటుకు తుమ్ముకుంటూ ఇల్లు చేరేవాడు. అక్క చేతులకు మాత్రం ఏ పనీ దొరకలేదు. కొన్నాళ్ళు కొంగు అంచు పోగులు లాగుతూ కూర్చుంది. నాకది చూస్తే భయమేసేది.

అట్లాంటి రోజుల్లో చుట్టాల పెళ్ళికి పోయి, ఫంక్షన్ హాలు వెనక పారేసిన ఒక కుండీని చీర చెంగు కింద దాచి తెచ్చింది. పువ్వులు రాలిపోయి రెండు దళసరి ఆకులు మిగిలిన మొక్క. తులసికి పెట్టినట్టు నల్లమట్టి పెట్టబోతుంటే పక్క పోర్షన్‌లో అద్దెకుండే నర్సమ్మ చూసి, "అయ్యో వదినా, దీన్ని మట్టిల పెడితే పాణం పోతది" అని ఆపింది. ఆవిడ దవాఖాన డ్యూటీ, ఆదివారం చర్చి, ఈ మొక్కలు తప్ప వేరే లోకం ఎరగదు. ఫోన్‌లో దేశమంతా ఆర్కిడ్లు పెంచేవాళ్ళతో ముచ్చట్లు పెట్టేది. ఆమె బొగ్గుముక్కలు, కొబ్బరిపీచు తెచ్చి, ఎక్కడ పెడదామని ఇల్లంతా చూసి మగ్గం గది గడప దగ్గర ఆగిపోయింది. చల్లదనం, చెమ్మ, కిటికీలోంచి పలచటి వెలుతురు. "వదినా, డబ్బున్నోళ్ళు మిషన్లు పెట్టి చేసుకునే గది నీకు ఊరికెనే ఉన్నది" అంది. మూడేళ్ళు తిరిగేసరికి చెమ్మ కోసం అక్క నింపిన నీళ్ళు గుంటలో నిలిచాయి, పడుగు దారాలు ఉండాల్సిన చోట మగ్గం చట్రానికి ముప్పై నలభై మొక్కలు వేలాడాయి.

నర్సమ్మ ఫోన్ స్నేహితులు పంపితే కొరియర్‌లో వచ్చే మొక్కల ఇంగ్లీషు పేర్లు అక్కకు నోరు తిరిగేవి కావు. ఐదో తరగతితో ఆపిన చదువు. తనే పేర్లు పెట్టుకుంది. ఫంక్షన్ హాలు నుంచి తెచ్చింది హాలు పువ్వు. వాన పువ్వు, అంటే ఎండాకాలంలో గాలివాన పడ్డాక సరిగ్గా తొమ్మిదో రోజు పూసి ఆ సాయంత్రానికే వాడిపోయేది. ఎలుక పువ్వు సంగతి మాత్రం చెప్పి తీరాలి. ఒకసారి ఇల్లంతా చచ్చిన ఎలుక కంపు. బావ మూడు రోజులు మంచాలు జరిపి, పెట్టెలు ఎత్తి, అటక మీది సామాను దింపి వెతికాడు. నన్ను కూడా పిలిపించారు, చదువుకున్నదాన్ని కదా అని. నాలుగో రోజు అక్క మగ్గం గదిలోంచి పిలిచింది. ఆవగింజంత ఎర్రపువ్వుల గుత్తి. ముక్కు దగ్గర పెట్టుకోగానే నాకు కళ్ళు తిరిగాయి. బావ తన నడుం పట్టుకొని, "మర్దలా, లోకంల ఆడోళ్ళు మల్లెలు పెంచుతరు, మీ అక్క పీనుగ కంపు పెంచుతాంది" అన్నాడు. ఆ పువ్వును పారేయమని మాత్రం అనలేదు. అది వాడేదాకా పదిరోజులు వాకిట్లో పడుకున్నాడు.

ఎగతాళి చేసినా, తర్వాత వచ్చిన ఒక మొక్కను బావే కట్టాడు. న్యూస్‌పేపరులో చుట్టి వచ్చిన నాలుగు సన్నటి కాడలు. మగ్గంలో తను ఇరవై ఏళ్ళు ముందుకూ వెనక్కూ ఆడించిన పలక నుంచి ఒక ముక్క కోసి, దాని మీద ఆ కాడలను పేర్చి, పెట్టెలో మిగిలిన నూలుదారంతో చుట్టాడు. నైలాన్ దారం గట్టిగా ఉంటుందని నర్సమ్మ చెబితే వినలేదు. "నూలే కట్టాలె సిస్టరమ్మా. వేర్లు కొయ్యను పట్టేసరికి దారం చివికిపోతది. పట్టుకున్నంక ఇగ దారంతోని ఏం పని?" అన్నాడు. చివరన నేతగాళ్ళ ముడి వేసి, పంటితో పోగు తెంపాడు. పదిరోజులు తిరక్కుండానే మార్కెట్‌లో కాంటా పక్కనే కూలిపోయాడు. దవాఖానకు చేరేసరికి ప్రాణం మిగల్లేదు.

ఆ తరువాత అక్కకు ఆ నలభై మొక్కలూ ఒక ఎత్తు, ఆ ఒక్కటీ ఒక ఎత్తు. మిగతావాటికి పేర్లు పెట్టింది గానీ దానికి పెట్టలేదు. "అది" అనేది, అంతే. నాలుగేళ్ళు అది పూయలేదు. కాడలు ఏటేటా పొడుగయ్యాయి, బావ కట్టిన దారం చివికి రాలిపోయింది, వేర్లు పలకను గట్టిగా కరుచుకున్నాయి. ఐదో ఏడు వానలు పోయి చలి మొదలయ్యేసరికి కాడలు చేయెత్తు సాగితే నర్సమ్మ చూసి, ఈసారి చలి తగ్గంగనే పూస్తుందని గట్టిగా చెప్పింది. అక్క నాకు ఫోన్ చేసి, "చెల్లె, మీ బావ పువ్వు సూస్త ఈ యేడు" అంది. ఆ గొంతు నాకు కొత్తగా వినిపించింది. ఆ నెలలోనే అక్కకు రొమ్ములో గడ్డ బయటపడింది, అప్పటికే ఆలస్యమైంది. హైదరాబాదులో మందులు ఎక్కించి, రేడియేషన్ కరెంటు పెట్టించాలన్నారు. రెండు నెలలు అక్కడే ఉండాలన్నారు.

పోయే ముందు రోజు నన్ను మగ్గం గదిలో నిలబెట్టి, నేను పిల్లలకు పాఠం చెప్పినట్టు చెప్పింది. నేను బడి నుంచి తెచ్చిచ్చిన నోటుబుక్కులో ప్రతి మొక్కకూ ఒక లైను. దేనికి రోజూ, దేనికి వారానికోసారి. ఆఖరికి దాని ముందు ఆగింది. "దీనికి నేనొచ్చే దాక సుక్క నీళ్ళు గూడ పొయ్యకు. ఆకులు పసుపుపచ్చగైతయ్, రాల్తయ్. రాలనీ. జర ధైర్నంగుండు. ఎండకపోతె అది పుయ్యది." సరేనన్నాను. నర్సమ్మ ఆ చలికాలం కూతురి కాన్పుకని ఊళ్ళో లేదు. ఇంటి తాళం నా చేతికొచ్చింది.

ముప్పై ఏళ్ళు పిల్లలను చెప్పిన మాట వినమని బెత్తం పట్టుకొని తిరిగిన మనిషిని నేను. మొదటి రెండు వారాలు విన్నాను. రోజు విడిచి రోజు బడి అయ్యాక ఆటోలో కాశిబుగ్గ పోయి, నోటుబుక్కు ముందు పెట్టుకొని నీళ్ళు పోసేదాన్ని. దాని ఆకులు పసుపుపచ్చబడ్డాయి. తరువాత రాలాయి. గుంటలో నీళ్ళ మీద తేలుతున్న ఆకులను ఏరి కొంగులో పోసుకున్నాను. కాడలు ముడతలు పడ్డాయి, అచ్చం హైదరాబాదులో అక్క చేతులు అయినట్టే. ఆదివారాలు చూడడానికి పోతే ఆమె జుట్టు దువ్వెనకు కుచ్చులుగా వచ్చేది, ఇక్కడికొస్తే ఈ ఆకులు. నాకు మూఢనమ్మకాలు లేవని అందరికీ చెప్పుకుంటాను. అయినా ఒకరోజు ఆ గదిలో నిలబడి, ఇది చస్తే అక్క కూడా చస్తుందని అనుకున్నాను. ఆ ఆలోచన వచ్చాక ఇక నా వల్ల కాలేదు. వంటింట్లోకి పోయి బియ్యం కడిగి, ఆ నీళ్ళు చెంబుతో తెచ్చి పోశాను. మా అమ్మ కరివేపాకుకూ మల్లెకూ పోసేది అవే. వాటితో బతకని మొక్క మా ఇళ్ళల్లో లేదు. ఆ రోజు నుంచి వెళ్ళిన ప్రతిసారీ ఒక చెంబెడు పోశాను.

మొక్క తేరుకుంది. ముడతలు పోయాయి. నెల తిరిగేసరికి కాడల కణుపుల దగ్గర ఆకుపచ్చగా ఉబ్బెత్తులు వచ్చాయి. నా సంతోషం నేనెవరికి చెప్పుకోవాలి? అక్కకే ఫోన్ చేశాను. "అక్కా, మొగ్గలొచ్చినయ్!" అటువైపు అక్క ఏడుస్తూ నవ్వింది. ఆమె వార్డంతా చెప్పిందట. మందులిచ్చే అమ్మాయికి చెప్పింది, స్వీపరుకు చెప్పింది. పక్క బెడ్‌లో మానుకోట దిక్కు నుంచి వచ్చిన మిర్చి రైతు ఇంటామె ఉండేది. నేను వెళ్ళినప్పుడు ఆవిడకు నన్ను చూపించి, "గిదే మా చెల్లె. చెయ్యి మంచిది. నేను లేకున్నా మొగ్గ తొడిగిచ్చింది" అంది. ఇంటికి పోంగనే పువ్వు ఫోటో పంపుతానని ఆవిడకు మాటిచ్చింది. ఆవిడ నంబరు మందుల చీటీ వెనక రాయించుకుంది. నేను మురిసిపోయి ఇద్దరికీ బత్తాయిలు ఒలిచిపెట్టాను.

అక్క ఇంటికొచ్చిన రోజు చెప్పులు విప్పి నేరుగా మగ్గం గదిలోకే పోయింది. బావ కూర్చునే చోట గట్టు మీద కూర్చొని కాళ్ళు గుంటలో నీళ్ళలోకి దించింది. నేను పలకను దింపి ఒళ్ళో పెట్టాను. కళ్ళద్దాలు సర్దుకొని ఒక్కో కణుపూ వేలితో తడిమింది. అప్పటికి ఆ ఉబ్బెత్తులు విచ్చుకొని రెండేసి బుల్లి ఆకులయ్యాయి. చాలాసేపు చూసింది. "మొగ్గలు గావు చెల్లె. పిల్లలు" అంది. తరువాత, తలెత్తకుండానే, "నీళ్ళు పోసినవా?" అంది.

"లేదక్కా. నువ్వు చెప్పినంక పోస్తనా?"

ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. తిడుతుందని కాదు. అంత దూరం నుంచి అంత ఆశతో వచ్చిన మనిషి ముందు, మాట వినని పిల్లలా నిలబడడానికి నాకు సిగ్గేసింది. అక్క కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "మంచిగైంది తియ్యి. ఒకటి నాలుగైంది" అని లేచింది. పువ్వు రాలేదన్న బాధ నాకు ఒక్క పూటే ఉంది. నాలుగు పిల్లలు పుట్టాయి కదా! వానాకాలానికి వాటికి వేర్లు వచ్చాక అక్క వాటిని విడదీసి, మగ్గంలో పోగును అటూ ఇటూ తీసుకుపోయే బావ పాత కొయ్య నాడెలు మూడుంటే మూడింటిని వాటి మీదా, నాలుగోదాన్ని కొబ్బరిచిప్ప మీదా కట్టింది. అదే నూలు, అదే ముడి. అప్పటికి ఆమె చేతివేళ్ళలో పట్టు లేక, ఒక్కో ముడి రెండు మూడుసార్లు వేయాల్సి వచ్చింది. చూడొచ్చిన చుట్టాలకు నేనే ఎదురెళ్ళి చూపించేదాన్ని, అక్క లేనప్పుడు నేను పుట్టించిన పిల్లలని. అక్క మంచం మీది నుంచి, "అవును, మా చెల్లె చెయ్యి మంచిది" అనేది. ఆ మాట ఆమె కనీసం పదిమంది ముందు అని ఉంటుంది. ప్రతిసారీ నేను తల ఊపాను. దసరా దాటాక అక్క పోయింది.

ఆ ఇల్లు అక్క మరిది వాళ్ళకు పోయింది. వాళ్ళు మగ్గం గుంటను పూడ్చి టైల్స్ వేయించారు. మొక్కలను నర్సమ్మ కొన్ని, ఆమె స్నేహితులు కొన్ని పంచుకున్నారు. బావ కట్టిన తల్లి మొక్క అక్క లేని మొదటి ఎండాకాలానికే మాడిపోయింది. నాలుగు పిల్లల్లో ఒకటి నా దగ్గర మిగిలింది. అంతకు ముందు చలికాలం మొదట్లో నర్సమ్మ మా ఫ్లాటుకు వచ్చి, దాని కింద పెట్టిన చెంబు చూసి, "టీచరమ్మా, ఇప్పుడు నీళ్ళు బంద్ చెయ్యాలె. ఇప్పుడు పోస్తె పువ్వు రాదు. మొగ్గ రావాల్సిన కాడనే పిల్ల పుడతది" అంది. నేను వంటింట్లో టీ పోస్తున్నాను. టీ గ్లాసు నిండి పొర్లి స్టవ్ మీద పడుతున్నా చేయి ఆపలేదు.

"గీ సంగతి మా అక్కకు ఎరుకనా?" అని అడిగాను.

"ఎరుక లేకపోవుడేంది? నాకు చెప్పిందే వదిన" అంది నర్సమ్మ.

ఆవిడకేమీ తెలియదు. టీ తాగి, క్రిస్మస్‌కు కేకు పంపిస్తానని చెప్పి వెళ్ళిపోయింది. నేను మాత్రం ఆ పదిమంది చుట్టాలనూ, వాళ్ళ ముందు అక్క అన్న మాటనూ ఒక్కొక్కటిగా గుర్తు చేసుకుంటూ కూర్చున్నాను. అక్క మొదటి కణుపు మీద వేలు పెట్టినప్పుడే ఆమెకు అన్నీ తెలిశాయి. నీళ్ళు పోసినట్టు తెలిసింది, తరువాత నేనన్నది అబద్ధమని తెలిసింది, బావ పువ్వు ఇక తను చూడదని కూడా తెలిసే ఉంటుంది. అన్నీ తెలిసి నా చెయ్యి మంచిదని చెప్పింది. తిట్టి ఉంటే బాగుండేది. నేను ఏడ్చి, కాళ్ళు పట్టుకొని, ఆ పూటతో తేలికపడేదాన్ని.

అప్పటి నుంచి ప్రతి చలికాలం మూడు నెలలు దానికి చుక్క నీళ్ళు పోయలేదు. ఆకులు రాలుతుంటే అదే గదిలో మొహం కడుక్కుంటూ చూసేదాన్ని. ఒక ఏడు గీజరు వేడికి మొగ్గ మాడింది. ఒక ఏడు చలే సరిగా పడలేదు. మిగతా మూడేళ్ళు అది ఎందుకు అలిగిందో నాకూ నర్సమ్మకూ కూడా అంతుపట్టలేదు. అక్క నోటుబుక్కు ఆఖరి పేజీలో ఆమె గుండ్రటి అక్షరాలతో ఒక ఫోన్ నంబరు ఉంది. పక్కన "పక్క బెడ్ ఆమె, పువ్వు ఫోటో" అని రాసి ఉంది. ఇంటికొచ్చాక మందుల చీటీ చూసి ఎక్కించుకున్నట్టుంది. ఆ పేజీ తిప్పడం మానేశాను. పంపడానికి నా దగ్గర పువ్వు లేదు.

ఈ రోజు మొహం కడుక్కొని, కళ్ళద్దాలు పెట్టుకొని, నాడెతో సహా దాన్ని కిటికీ నుంచి తీసి ఫోటో తీశాను. అక్క కట్టిన దారం ఎప్పుడో చివికిపోయింది. వేర్లు నాడె చుట్టూ తిరిగి వెనక కలుసుకున్నాయి. నోటుబుక్కు తీసి ఆ నంబరుకు ఫోటో పంపాను. ఆరేళ్ళయింది, నంబరు మారి ఉంటుంది, అసలు ఆవిడ ఉందో లేదో కూడా తెలియదు. టీ పెట్టుకునేలోపే ఫోన్ మోగింది.

"కాశిబుగ్గ అక్కనా? పూసిందా ఆఖరికి? అబ్బ, ఎంత సక్కగున్నదో! మా కోడలుకు గూడ సూపిచ్చిన. ఏమక్కా, గిన్నేండ్లకా పంపుడు?" వెనక నుంచి కోళ్ళ అరుపులు, ఎవరో చాటతో చెరుగుతున్న చప్పుడు.

"నేను అక్కను కాదమ్మా. చెల్లెను."

"చెయ్యి మంచిదంటుండె, ఆ చెల్లెవా? బత్తాయిలు ఒలిచి పెట్టినవు. అక్కకియ్యి జర ఫోను."

"అక్క లేదమ్మా. ఆ యేడే దసరా దాటినంక పోయింది."

"అయ్యో. నేనింకా మరిచిపోయిందనుకున్న. ఒకపాలి తిట్టుకున్న గూడ" అంది.

"మరిచిపోలేదు. అప్పుడు పువ్వే రాలే. నీళ్ళు నేనే పోసిన. పొయ్యొద్దని చెప్పిపోయింది, అయినా పోసిన. అడిగితె పొయ్యలేదన్న." ఈ మాటలు నా నోటి నుంచి బయటికి రావడం అదే మొదటిసారి. మా ఆయనకు కూడా చెప్పలేదు. ఇప్పుడు ఆయన పేపరు దించి నా వైపు చూస్తున్నారు.

ఫోన్‌లో ఆవిడ, "మొక్క ఎండుతాంటె సూస్త ఎట్లుంటవు తల్లీ. నేనైనా నీళ్ళు పోస్తుంటి" అంది. తరువాత ముక్కు చీదుకొని, వచ్చే వారం ఎనుమాములకు మిర్చి తెస్తున్నామని, అప్పటిదాకా పువ్వు ఉంటుందా అని అడిగింది. ఉంటుందని చెప్పాను. మా ఇంటి గుర్తులు చెప్పి ఫోన్ పెట్టేశాను.

అక్కకు ఆ ఒక్క మాట చెప్పడానికి మగ్గం గదిలో నాకు ఒక సాయంత్రమంతా ఉంది, ఆ తరువాత ఎనిమిది నెలలున్నాయి. చెప్పలేదు. మొక్కకు మళ్ళీ మళ్ళీ చలికాలాలు దొరికాయి, నాకు చెప్పుకోవడానికి ఇంకొక మనిషి దొరికింది. అక్క చేతిలో ఉన్నది మాత్రం ఆ ఒక్క చలికాలమే, దాన్ని నేను చెంబుతో పారబోశాను.